ఎల్లవ్వ సేకరించిన పదకొండు మొక్కలు

మా మేనమామ కిందటి నెల చనిపోయాడు. అత్త ఫోన్ చేసినప్పుడు నేను అంబర్‌పేటలో మా బడిలో తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్తున్నాను. “మామ లేస్తలేడు బిడ్డా” అంది. “డాక్టర్ని పిలవండి అత్తా” అన్నాను. “డాక్టరు వచ్చి పోయిండు” అంది. అప్పటికీ నా తలకెక్కలేదు. బోర్డు మీద సగంలో ఉన్న లెక్కను పూర్తి చేసి, జవాబు కింద రెండు గీతలు గీసి, పిల్లలను రాసుకొమ్మని చెప్పి, ఆ తర్వాతే బ్యాగు తీసుకున్నాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు. ఆటో తార్నాక చౌరస్తా దాటాక ఏడుపు మొదలైంది.

ఆ రోజు నుంచీ నా బుర్రంతా గందరగోళంగా ఉంది. మనిషి పోయిన దుఃఖం ఒకటి, ఆయన వదిలిపోయిన ఒక చిక్కు ఇంకొకటి. లెక్కల టీచర్ని కదా, జవాబు తేలకపోతే అన్నం సయించదు. అందుకే ఆయన గురించి మీకు చెప్పుకుంటున్నాను. చెప్తుంటేనైనా నాకేమైనా తేలుతుందేమో చూద్దాం.

మామ యూనివర్సిటీలో అటెండరు. పని చేసింది హెర్బేరియంలో. అంటే ఎండబెట్టిన మొక్కలను దాచే గది అనుకోండి. కోసుకొచ్చిన మొక్కను పాత పేపర్ల మధ్య పరిచి, చెక్క పలకల నడుమ బిగించి, ఆరాక దళసరి అట్ట మీద అతికిస్తారు. అట్టకు కింద కుడి మూలన ఒక చీటీ ఉంటుంది. మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు. రాళ్ళెక్కి, ముళ్ళు గీరుకుని మొక్కను తెచ్చేది మామ. చీటీ మీద పేరు మాత్రం వెంట వెళ్ళిన పెద్దసారుది. అప్పట్లో ఎక్కడైనా అదే పద్ధతి అని మామ అనేవాడు. దాని మీద ఆయన ఎన్నడూ గొణగలేదు. పైగా ఆ చీటీలన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది ఆయనే. లాటిన్ పేర్లు గడగడా చదివేవాడు. అదే ఎవరైనా ఇంగ్లీషులో కుశలం అడిగితే నా వెనక నక్కేవాడు.

మొక్కకు రోజూ పేపరు మార్చాలి. “పేపరు మార్చకుంటె ఆకు నల్లగయితది, మనిషిగ్గూడ గంతే, రోజు పట్టించుకోవాలె” అనేవాడు. అలా మార్చేటప్పుడే ఆ పాత పేపర్లు చదివేవాడు కాబట్టి లోకం వార్తలన్నీ మామకు నెల ఆలస్యంగా తెలిసేవి. అందరూ మర్చిపోయిన రైలు ప్రమాదం గురించి ఉన్నట్టుండి బాధపడేవాడు. మేం నవ్వేవాళ్ళం. ఆయన మాత్రం నిజంగానే ఆ పూట సరిగ్గా తినేవాడు కాదు.

డిగ్రీ చదవడానికి ఊరి నుంచి వచ్చి నేను తార్నాకలో వాళ్ళింట్లో మూడేళ్ళు ఉన్నాను. రెండు గదుల ఇల్లు. నా కంప్యూటర్ క్లాసుల కోసం మామ ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ తెచ్చి బియ్యం డ్రమ్ము పక్కన పెట్టాడు. క్లాస్‌మేట్ ఒకమ్మాయి ఇచ్చిన సీడీలోంచి దానిలోకి ఒక ఆట వచ్చి చేరింది. అప్పటికే పాతబడిన ఆట. పైనుంచి చూస్తున్నట్టు కనబడే అడవులు, ఊళ్ళు, వాగులు. వాటిలో తిరిగే గోరంత మనుషులు నలుగురు. కత్తి పట్టినవాడు, విలుకాడు, మంత్రగాడు, ఆకుపచ్చ శాలువా కప్పుకున్న మందుల ముసలమ్మ. వాళ్ళను ఊరూరా నడిపించాలి, ఎదురైనవాళ్ళతో మాట్లాడించాలి, రాక్షసులతో పోరాడించాలి. అలా కథ సాగుతుంది.

ఆట మొదట్లో నలుగురికీ మనమే పేర్లు పెట్టాలి. ముగ్గురికి నా స్నేహితుల పేర్లు పెట్టేశాను. నాలుగో గడి దగ్గరికి వచ్చేసరికి మామ నా వెనక నిలబడి చాయ్ తాగుతున్నాడు.

“గామెకు ఎల్లవ్వ అని వెట్టు.”

“ఎవరు మామా ఎల్లవ్వ?”

“పెట్టు నువ్వు. పేరు లేకుంట అడవిలకు ఎట్ల వోతది?”

పెట్టాను. అప్పుడు నేను ఇంకో మాట అడగలేదు. ఇప్పుడు అందుకే తల బాదుకుంటున్నాను.

ఆ ఆటలో కొట్లాట వంతులవారీగా జరుగుతుంది. మనవాళ్ళు ఒక పక్క, రాక్షసులు ఒక పక్క వరుసగా నిలబడతారు. ఒకరు కొట్టాక ఇంకొకరు. మామకు ఇది తెగ నచ్చింది. “గీళ్ళు మర్యాదస్తులు బిడ్డా. ఒకడు కొట్టేదాంక ఇంకోడు ఆగుతుండు. మన మెట్టుగూడ బస్సుల గట్ల ఉంటదా?” అన్నాడు. కానీ ఆయన మనసంతా కొట్లాట మీద లేదు. అడవిలో అక్కడక్కడ నేల మీద చిన్న మెరుపు కనబడుతుంది. ఎల్లవ్వను అక్కడికి నడిపిస్తే వంగి ఒక మొక్క తీసుకుంటుంది. మామ కుర్చీ లాక్కుని కూర్చున్నాడంటే ఇక మెరుపు మెరుపుకూ ఆగాల్సిందే. కథలోని మాటలన్నీ నేను తెలుగులో చెప్పేదాన్ని. కత్తివాడు ఏదో గంభీరంగా శపథం చేస్తుంటే మామ మధ్యలో అడ్డుపడి, “ఆడు తర్వాత మాట్లాడుతడు, గా బండెనక ఏదో మెరుస్తున్నది, ఎల్లవ్వను తోలు” అనేవాడు.

ఏరిన మూలికలు గాయాలైనప్పుడు వాడుకోవడానికి. మామ ఒక్కటీ వాడనిచ్చేవాడు కాదు. మంత్రగాడు చావుబతుకుల్లో ఉన్నా సరే. “ఆమె కష్టపడి ఏరింది, ఎవడువడితె ఆడు మింగుడేంది?” అనేవాడు. దానికి తోడు ఒక నోటుబుక్కు పెట్టాడు. ఆటలో దొరికిన ప్రతి మొక్కకూ ఒక పేజీ. మొక్క బొమ్మ, దొరికిన చోటు, తేదీ. సేకరించినవారు: ఎల్లవ్వ. బొమ్మలు గీసినవాళ్ళ మీద కోపం కూడా వచ్చేది. ఇలాంటి పువ్వుకు అలాంటి ఆకు ఉండదని తిట్టేవాడు. అత్త వంటగదిలోంచి, “ఇంట్ల ఉప్పు డబ్బ ఏడున్నదో తెల్వది. గా బొమ్మల అడవిల ఏ మూలకు ఏ ఆకున్నదో తెలుసు” అని అరిచేది.

కథలో ఒకచోట వాగు వస్తుంది. వాగు దాటాక మందుల ముసలమ్మ మిగతావాళ్ళను కాపాడబోయి చనిపోతుందని, ఏం చేసినా ఆపలేమని, ఆట మొత్తం ఆడేసిన ఆ క్లాస్‌మేట్ చెప్పింది. నేను నోరాపుకోలేక మామకు చెప్పేశాను. ఆయన చాయ్ గ్లాసు బియ్యం డ్రమ్ము మీద పెట్టాడు.

“మరి దాటకు” అన్నాడు.

“దాటకపోతే ఆట ముందుకు పోదు మామా.”

“పోకపోతె పోనీ. గిటుపక్క అడవి తక్కువున్నదా?”

అంతే. మిగిలిన రెండేళ్ళూ మేం వాగు దాటలేదు. లోకాన్ని కాపాడాల్సిన నలుగురు వీరులు ఒడ్డున ఆకులు ఏరుకుంటూ తిరిగారు. అంత నెమ్మదైన రోజులు నా జీవితంలో మళ్ళీ రాలేదు.

ఆదివారాలు మామ నన్ను క్యాంపస్‌లోకి తీసుకెళ్ళేవాడు. హాస్టళ్ళ వెనక బండల మీద, ముళ్ళ పొదల్లో తిరిగేవాళ్ళం. అక్కడ కూడా ఆట పూనేది ఆయనకు. నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, “ఎల్లవ్వ చూసింది, ఆగు” అనేవాడు. వంగి చూస్తే తుమ్మి మొక్కో, ఉత్తరేణో ఉండేది. వేళ్ళతో సహా తవ్వి, కొళాయి దగ్గర శ్రద్ధగా కడిగి, పేపర్లో పెట్టేవాడు. ఒకసారి ఉండబట్టలేక, “ఇవి నువ్వొక్కడివే తెస్తున్నవు గదా మామా, వీటి మీదన్న నీ పేరు రాస్కో” అన్నాను. “నా చేతితోని నా పేరు రాస్కుంటె ఏం బాగుంటది? సిగ్గయితది” అన్నాడు. మరి ఎవరి పేరు రాస్తావని నేను అడగలేదు. అడగనివన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి.

నాకు ఉద్యోగం, పెళ్ళి అయ్యాయి. కంప్యూటర్ చెడిపోయి, పాతసామానువాడి బండెక్కింది. ఇప్పుడు మా బడి పిల్లలు ఫోన్లలో ఆడే ఆటలు చూస్తుంటాను. ముఖం మీద చెమటబొట్టు కూడా కనబడేంత అందంగా ఉంటారు మనుషులు. బాగుంటాయి కానీ ఒక్కరూ నాకు గుర్తుండరు. ఎల్లవ్వకు ముఖమంటే రెండు చుక్కలే. నవ్వుతోందో అలసిపోయిందో మేమే అనుకోవాలి. అనుకుని అనుకునే ఆమె మా ఇంటి మనిషైపోయింది. ఒక్క మాటలో చెప్పాలంటే ఆ ముసలమ్మ మీద నాకు బెంగ. నలభై ఏళ్ళు దాటినదాన్ని, ఈ మాట అనడానికి నాకేం సిగ్గు లేదు.

మామ పోయిన రెండు వారాలకు డిపార్ట్‌మెంట్‌లో చిన్న సంతాప సభ పెట్టారు. హెర్బేరియం బాధ్యత ఇప్పుడు ఒక మేడం చూస్తున్నారు. నాకంటే పదేళ్ళు చిన్నది. రిటైరయ్యాక కూడా మామ వచ్చి తనకు మొక్కలు గుర్తుపట్టడం నేర్పాడని చెప్పి కళ్ళు తుడుచుకుంది. సభ అయ్యాక నన్ను పక్కకు పిలిచింది.

“అక్కా, మేం మొక్కలతికించిన షీట్లన్నీ ఫోటో తీసి ఇంటర్నెట్‌ల పెడుతున్నం. పదకొండు షీట్ల మీద సేకరించినవారి పేరు ఎల్లవ్వ అని ఉన్నది. చీటీ రాసింది అంకులే. పాత రిజిస్టర్లన్నీ ఎతికిన, ఎక్కడ లేదు ఆమె. ఎవరక్కా?”

 నేను నోరు తెరిచేలోపే మేడం ఉత్సాహంగా చెప్పుకుపోయింది. చదువు లేకున్నా మొక్కల తెలివి ఉన్న ఊరి మనిషెవరో అయి ఉంటుందట. ఇలాంటి ఆడవాళ్ళ పేర్లు ఎవరూ రాయరట. అంకుల్ ఒక్కడే రాశాడట. ఆమె మీద వ్యాసం రాస్తోందట, గోడకు ఆమె పేరుతో ఒక పలక కూడా పెట్టిస్తుందట. “ఫోటో ఏమన్న దొరుకుతదా అక్కా?” అని అడిగింది.

సంతాప సభలో నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే భయమేసింది. “ఇంట్లో అడిగి చెప్తా” అని బయటపడ్డాను.

నడిచే తార్నాక వెళ్ళాను. అత్త చిక్కుడుకాయలు గిల్లుతూ కూర్చుంది. విషయం చెప్పాను.

“ఎల్లవ్వా? గా కంప్యూటర్ల ముసలామె గదా? ఆమె పేరు ఆడ రాసిండా?”

“మన చుట్టాల్ల ఎవరన్న ఉన్నరా అత్తా, ఎల్లవ్వ అని?”

“నా దిక్కు లేరు, మీ దిక్కు లేరు. నన్నడుగుతవేంది, ఆట తెచ్చింది నువ్వాయె.”  గిల్లడం ఆపి తలెత్తింది. “పిల్లా, నువ్వు నిజం చెప్తె మామకు చెడ్డపేరొస్తదా? ముప్పయేండ్లల్ల ఒక్క చీటి తప్పు రాయలేదని చెప్పుకునేటోడు.”

“తెలియదత్తా.”

నిజంగానే తెలియలేదు. చెప్తే, శాస్త్రం దాచుకునే కాగితాల మీద బొమ్మ పేరు రాసిన అటెండరుగా మిగులుతాడు. ఆ పదకొండే కాదు, ఆయన రాసిన వేల చీటీలను అనుమానంగా చూస్తారు. చెప్పకపోతే, ఆయన ఎక్కిన బండలన్నీ ఆకుపచ్చ శాలువా ముసలమ్మే ఎక్కినట్టు లోకం నమ్ముతుంది. గోడ మీద ఆమె పేరుంటుంది, ఆయన పేరు ఎక్కడా ఉండదు. అసలు ఎందుకు రాశాడు? వేళాకోళమా? తన పేరు రాయనివ్వని పద్ధతి మీద మెత్తని కసా? తాను వాగు దాటనివ్వని ముసలమ్మను ఎక్కడో ఒకచోట బతికించుకోవడమా? వారం రోజులు ఇవే తిప్పితిప్పి చూశాను. ఒక పూట మామ మీద కోపం కూడా వచ్చింది. మామా, ఎంత పనిచేశావు అని పైకే అనేశాను, స్టాఫ్‌రూమ్‌లో అందరూ తిరిగి చూశారు.

చివరికి హెర్బేరియంకు వెళ్ళాను. దాచి ఆ పలక పెట్టనిస్తే నేను రేపు ఆ గోడ ముందు నిలబడలేను. మేడం పదకొండు షీట్లూ బల్ల మీద పరిచింది. కూర్చోకుండానే చెప్పేశాను.

“మేడం, ఎల్లవ్వ మనిషి కాదు. మేం ఆడిన కంప్యూటర్ ఆటలో బొమ్మ.”

“గేమా?”

“పాత గేమ్.”

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “నేను సగం వ్యాసం రాసిన అక్కా” అంది చిన్నగా. నేను అన్నీ చెప్పాను. మెరుపుల గురించి, నోటుబుక్కు గురించి, వాగు గురించి. మామ అబద్ధాలకోరు కాదని కూడా చెప్పాను. ఆమె తిట్టలేదు. కళ్ళజోడు పెట్టుకుని షీట్లు ఒక్కొక్కటే దగ్గరికి లాక్కుంది.

“తుమ్మి. హాస్టల్ ఎనక బండ. ఉన్నది, నేను గూడ చూసిన. ఉత్తరేణి, నీళ్ళ ట్యాంకు కాడ. ఇదీ కరెక్టే. మొక్కలైతె అబద్ధం కాదు అక్కా” అంటూ తేదీలు చదవసాగింది. పది షీట్లు నేను డిగ్రీ చదివిన మూడేళ్ళలో అప్పుడొకటి ఇప్పుడొకటి తెచ్చినవి. పదకొండోది నేల ఉసిరి. ఆ తేదీ వినగానే మళ్ళీ చదవమన్నాను. నేనే లాక్కుని చూశాను. అది నేను ఊళ్ళో పదో తరగతిలో ఉన్న ఏడాది. కంప్యూటర్ మామ ఇంటికి రావడానికి మూడేళ్ళ ముందు. చోటు: సీతాఫల్‌మండి, రైలు పట్టాల పక్క. సేకరించినవారు: ఎల్లవ్వ.

“తేదీ తప్పు పడిందేమో” అంది మేడం.

మామ తేదీ తప్పు రాయడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. షీటును కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. “అంకుల్ వేర్లు కడగకుంట ఒక్క మొక్క గూడ పెట్టడు. గీ పదింటికి కడిగి ఉన్నయి. దీనికి చూడక్కా, మట్టున్నది. వేరేవాళ్ళు తవ్వి ఇస్తె, ఇచ్చింది ఇచ్చినట్టే పెట్టినట్టున్నడు.”

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అయితే ఎల్లవ్వ ఉంది. లేదా ఉండేది. పట్టాల పక్కన ఆకులమ్ముకునేదో, నేల ఉసిరి తెచ్చి ఇచ్చిందో, ఆయనకు ఏం నేర్పిందో, ఏమైపోయిందో తెలియదు. నేను బొమ్మకు పెట్టానని అనుకున్న పేరు ఒక మనిషిదా? వాగు దాటకు అన్నది ఎవరి కోసం? వారం పాటు కూడదీసుకున్న జవాబంతా ఒక్క తేదీతో చెదిరిపోయింది. ఇప్పటికీ నాకు తెలియదు. అత్తకూ తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ పోయాడు.

“ఇప్పుడేం చేద్దాం మేడం?” అన్నాను.

“మా దగ్గర పాత చీటి చింపరు, కొట్టెయ్యరు. ఏమన్న చెప్పేదుంటె పక్కన ఇంకో చీటి అతికిస్తరు. కింద సంతకం ఉండాలె. మీరే రాయండి అక్కా. తెలిసింది రాయండి, తెల్వంది రాయకండి.”

పది ఖాళీ చీటీలు నా ముందు పెట్టింది. మొదటిదాని మీద ‘సేకరించినవారు’ అని రాసి, దాని పక్కన మామ పూర్తి పేరు రాశాను, ఇంటిపేరుతో సహా. అన్నేళ్ళలో ఆ మాట పక్కన ఆయన పేరు ఎవరూ చూడలేదు. నాకు ఆగకుండా ఏడుపొచ్చింది. మేడం నీళ్ళిచ్చింది. తాగి, ఆయన పేరు తర్వాత ‘ఎల్లవ్వతో కలిసి’ అని రాశాను.

“ఇది గూడ రాయాల్నా?”

“తెలిసింది రాయమన్నరు గదా. నేను పక్కనే ఉన్న మేడం, ఆ ఇద్దరు కలిసే ఏరిండ్రు.”

ఆమె జిగురు సీసా నా వైపు జరిపింది. పదీ అతికించాం. పదకొండో షీటు దగ్గర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. అక్కడ రాయడానికి నాకు తెలిసింది ఏమీ లేదు. పెన్ను మూసేశాను.

ఫోటో తీయడానికి మేడం ఫ్యాన్ ఆపి, నేల ఉసిరి షీటును కెమెరా కిందికి జరిపి, లైటు వేసింది. జరపడంలో మొక్క వేళ్ళ నుంచి చిటికెడు ఎర్రమట్టి రాలి, చీటీ మీద ఎల్లవ్వ పేరు పక్కన పడింది. మేడం ఊదబోయి ఆగింది. మట్టిని అలాగే ఉంచి ఫోటో తీసింది.